దీక్షా శిబిరంలోని పెద్దాయన ఫొటో కింద ఏమని రాయాలి?

గాజువాక కెమెరా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఉంటాను. ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని ఊరంతా తిరగడం పదకొండేళ్లుగా ఉన్న అలవాటు. ఎక్కువగా చేపలరేవు, పాత పోస్టాఫీసు వీధులు, తెల్లవారుజామున బీచ్ రోడ్డు తీస్తుంటాను. ఆందోళనల ఫొటోలు తీసిన అనుభవం దాదాపుగా లేదు.

కిందటి నెలలో ఒక ఆదివారం నగరపాలక సంస్థ కార్యాలయం దగ్గర గాంధీ విగ్రహం ముందు ఉక్కు కర్మాగారాన్ని అమ్మవద్దని దీక్ష జరుగుతుంటే ఆగాను. షామియానా కింద ముప్పై నలభై మంది కూర్చున్నారు. వారిలో చివరి వరుసలో, ప్లాస్టిక్ కుర్చీ అంచున నిటారుగా కూర్చున్న ఒక పెద్దాయన మీద నా దృష్టి నిలిచిపోయింది. తెల్లటి ఖద్దరు చొక్కా వేసుకున్నారు, ఒళ్లో తువ్వాలు చుట్టిన వస్తువేదో ఉంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని నినాదం అందుకున్నప్పుడల్లా ఆయన ఆ తువ్వాలు విప్పి, లోపలున్న రాగి పలకను రెండు చేతులతో ఛాతీ దగ్గరకు ఎత్తిపట్టుకుంటున్నారు. నినాదం ఆగగానే మళ్లీ జాగ్రత్తగా చుట్టిపెడుతున్నారు. అది తామ్రపత్రమని, అంటే స్వాతంత్ర్య సమరయోధులకు ప్రభుత్వం ఇచ్చిన గౌరవ పత్రమని తరువాత తెలిసింది. నేను దూరం నుంచి 85 ఎం.ఎం. లెన్సుతో పద్నాలుగు ఫొటోలు తీశాను. అయిదో ఫొటోలో ఆయన నేరుగా నా వైపు చూస్తున్నారు. అయినా తీస్తూనే ఉన్నాను.

వెళ్లిపోతూ దణ్ణం పెట్టాను. ఆయన నవ్వి, "తీసినావు సరే, పేరడగవేటి బాబూ?" అన్నారు. అప్పుడు మైకు హోరులో సగమే వినిపించినట్టు నటించి, తల ఊపి బండెక్కేశాను. నిజానికి మొత్తం వినిపించింది.

ఆ సాయంత్రం మా కాలనీ వాట్సాప్ బృందంలో ఒక ఫొటో పెట్టి, కింద "ఈ వయసులోనూ పోరాటం ఆపని స్వాతంత్ర్య సమరయోధుడు" అని రాశాను. రాత్రికల్లా అది నాకు తెలియని బృందాల నుంచి నాకే తిరిగి వచ్చింది. మరునాడు మా ఆఫీసులో ఒక కుర్రాడు "సార్, ఈయనకు ఎన్నేళ్లుంటాయి?" అని మామూలుగా అడిగాడు. ఫొటోను పెద్దది చేసి చూశాను. డెబ్బై అయిదుకు పైన, ఎనభైకి లోపు ఉండవచ్చు. అంటే స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆయన పుట్టి ఉండరు, పుట్టినా పాలు తాగే బిడ్డ అయి ఉంటారు. నేను రాసింది అబద్ధమని అప్పుడు గాని తట్టలేదు.

వచ్చే ఆగస్టు 15కు మా మిత్రులం కొందరం కలిసి ఒక గ్రంథాలయం హాలులో చిన్న ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. మా ముందు తరాల పోరాటానికి గౌరవంగా పెడుతున్న ప్రదర్శన అది. ఈ ఫొటో తప్పకుండా ఉండాలని అందరూ అంటున్నారు. పేరు తెలియని మనిషిని గోడకు ఎక్కించవచ్చునా, కింద ఏమని రాయాలి అన్నది నా అసలు సందేహం. సాంకేతికంగా కూడా రెండు చిక్కులున్నాయి. ముఖం ఒక పక్క ఎర్రగా, మరో పక్క నీలంగా వచ్చింది. రాగి పలక అన్ని ఫొటోల్లోనూ వట్టి మెరుపుగా తేలింది, ఒక్క అక్షరం కనబడదు. నలుపు తెలుపుల్లోకి మార్చేస్తే రంగుల బెడద పోతుందని, పైగా పాతకాలపు గాంభీర్యం వస్తుందని ఒక మిత్రుడి సలహా. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

చీకటిగది

గాజువాక కెమెరా గారికి, నేను నలభై ఏళ్లు స్టూడియో నడిపి, ఫిల్ము కడిగి చేతులు పసుపెక్కించుకున్నవాణ్ణి. ముందు మీ సాంకేతిక చిక్కుల సంగతి చెబుతాను, ఎందుకంటే అవి మీరనుకున్నంత వేరు సంగతులు కావు.

షామియానాలో ఎర్ర గుడ్డ ఒక పట్టీ, నీలం గుడ్డ ఒక పట్టీ ఉంటాయి. ఎండ వాటిలోంచి దిగి ముఖం మీద రెండు రంగులుగా పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) సరిచేస్తే ఒక చెంప దారికి వస్తుంది, రెండో చెంప ఇంకా చెడుతుంది. కంప్యూటరు ముందు ఎంతసేపు కూర్చున్నా ఆ రెండు రంగుల ముఖాన్ని పూర్తిగా బాగు చేయలేరు. దీనికి మందు ఒక్కటే: కుర్చీని షామియానా అంచుకు, బయటి ఆకాశపు వెలుగు పక్క నుంచి పడే చోటుకు జరపడం. కాని కుర్చీ జరగాలంటే ఆయనను అడగాలి కదా. మీరు దూరంగా నిలబడి 85 లెన్సుతో తీసినందువల్లనే ఆయన ముఖం రెండు రంగులయింది.

తెల్ల ఖద్దరు సంగతి మీరు అడగలేదు గాని చెబుతాను. ఫ్రేములో చొక్కా ఎక్కువ భాగం ఉంటే కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించేస్తుంది, అప్పుడు ముఖం నల్లబడి ముడతల్లోని వివరం పోతుంది. వెలుగును ముఖం మీద కొలిచి, ముఖాన్ని ఆధారంగా పెట్టుకోండి. చొక్కా కాస్త తేలిపోయినా నష్టం లేదు, నేత పూర్తిగా చెరిగిపోకుండా చూసుకుంటే చాలు. రా ఫైలుగా (కెమెరా పట్టిన సమాచారమంతా అలాగే ఉండే ఫైలుగా) తీస్తే ఆ పాటి సర్దుబాటుకు చోటుంటుంది. కుర్చీలో ఉన్న మనిషిని నిలబడి తీయవద్దు. మోకాలి మీద కూర్చుని, కెమెరాను ఆయన కళ్ల ఎత్తుకు దించండి. పైనుంచి తీసిన వృద్ధుడు ఎంతటివాడైనా జాలిగొలిపేటట్టే కనబడతాడు.

ఇక రాగి పలక. లోహం అద్దం లాంటిది. మీ వెనక ఏముందో అదే చూపిస్తుంది, మీ వెనక ఆకాశం ఉంది కాబట్టి తెల్లటి మెరుపు వచ్చింది. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) బిగిస్తే పోతుందని ఎవరైనా చెబుతారేమో, గాజు మీద, నీటి మీద పనిచేసినట్టు అది లోహపు మెరుపు మీద పనిచేయదు. నేను చేసే పద్ధతి మోటుగా ఉంటుంది: కెమెరా వెనక ఒకరిని నల్ల గొడుగు విప్పి పట్టుకోమంటాను. పలకలో ఆకాశానికి బదులు గొడుగు నలుపు ప్రతిఫలిస్తుంది, రాగి అసలు రంగు తేలుతుంది. దానితోపాటు ఒక పక్క నుంచి, దాదాపు పలక ఉపరితలాన్ని రాసుకుంటూ వెలుగు పడేటట్టు తిప్పితే చెక్కిన అక్షరాల అంచుల్లో నీడలు నిలిచి చదవడానికి వీలవుతుంది. ఉదయం ఎనిమిదిలోపు కిటికీ పక్కన అయితే మరీ సులువు.

నలుపు తెలుపు విషయంలో మీ మిత్రుడితో నేను ఏకీభవించను. ఆ ఫొటో తీసింది కిందటి నెలలో. ఆయన కూర్చున్నది నీలం ప్లాస్టిక్ కుర్చీలో, వెనక యూనియన్ జెండా ఎర్రగా ఉంది, పక్కవారి చేతిలో సెల్‌ఫోను ఉంది. ఇవన్నీ బూడిదరంగు చేసేస్తే, ఈరోజు ఎండలో కూర్చున్న మనిషిని మనమే పట్టుకుపోయి ఏ 1942లోనో పడేసినట్టవుతుంది. మీ తప్పు శీర్షిక కూడా ఆ పనే చేసింది.

చివరగా ఒక పాత సంగతి. 1946లో మార్గరెట్ బర్క్-వైట్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు గాంధీ గారిని రాట్నం దగ్గర తీయడానికి వెళితే, ముందు రాట్నం వడకడం నేర్చుకోమని అక్కడివారు షరతు పెట్టారు. ఆవిడ కూర్చుని, దారం తెగుతున్నా నేర్చుకుని, ఆ తరువాతే కెమెరా తీసింది. మిమ్మల్ని ఆయన రాట్నం తిప్పమనలేదు, పేరు అడగమన్నారు, అంతే. ఫొటో ఒకటి మంచి కాగితం మీద ప్రింటు వేయించి పట్టుకుని వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లకండి.

పాత జిల్లా మాస్టారు

నేను కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫొటోగ్రఫీ తెలియదు. శీర్షిక గురించి మాత్రం చెప్పగలను, కాస్త దీర్ఘంగా చెబుతాను, క్షమించాలి.

మీ ఆఫీసు కుర్రవాడు వేసిన ప్రశ్న సరైన ప్రశ్న. క్విట్ ఇండియా ఉద్యమం 1942 ఆగస్టులో మొదలయింది. ఆనాడు పదహారేళ్ల పిల్లవాడు జెండా పట్టుకుని జైలుకు వెళ్లాడనుకున్నా, అతడు పుట్టింది 1926లో. అటువంటివారు నేడు బహు అరుదుగా కనబడతారు. కాబట్టి శిబిరంలో కనబడే ఖద్దరు చొక్కా పెద్దలలో దాదాపు అందరూ సమరయోధుల పిల్లలు, లేదా విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని 1966లో జరిగిన ఉద్యమపు యువకులు, లేదా ఆ రెండూ. వీరికి తమదైన చరిత్ర ఉంది. దాన్ని పక్కన పెట్టి తండ్రుల బిరుదు వీరికి తగిలిస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఆయన ఒళ్లో ఉన్నది తామ్రపత్రమే అయితే దానికి ఖచ్చితమైన కాలం ఉంది. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా 1972లో ఇందిరా గాంధీ ప్రభుత్వం సమరయోధులకు వాటిని ఇచ్చింది. కేంద్ర పింఛను పథకం కూడా ఆ సంవత్సరం ఆగస్టు 15నే మొదలయి, 1980లో స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అనే పేరు పొందింది. సాధారణంగా ఆరు నెలల జైలు శిక్ష అనుభవించి ఉండాలన్నది అందులో ప్రధానమైన నిబంధన, స్త్రీలకు, దళిత, గిరిజనులకు అది మూడు నెలలు. దీనివల్ల నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చినవాడు, జైలుకు పోకుండా ఉద్యమకారులకు అన్నం పెట్టినవాడు వంటివారు చాలామంది ఆ లెక్కలోకి రాలేదు. మీ ప్రదర్శనలో ఒక్క తామ్రపత్రం ఉంటే, అటువంటి పలక లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయన్న ఎరుక కూడా ఎక్కడో ఒక వాక్యంలో ఉంటే బాగుంటుంది.

వివరాలు సరిచూసుకునేటప్పుడు జిల్లా పేరుతో మోసపోవద్దు. 1942 నాటి కాగితాల్లో "విశాఖపట్నం జిల్లా" అంటే నేటి శ్రీకాకుళం, విజయనగరం కూడా కలిసినది. శ్రీకాకుళం 1950లోను, విజయనగరం 1979లోను విడిపోయాయి. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. ఆయన తండ్రి ఊరు నేటి ఏ జిల్లాలో ఉన్నదో, ఆనాడు ఏ తాలూకాలో ఉన్నదో రెండూ అడిగి రాసుకోండి. జైలు పేరు, విడుదలయిన నెల కుటుంబంవారికి గుర్తుంటాయి, పుట్టిన తేదీ గుర్తుండకపోయినా అవి గుర్తుంటాయి. ఇది నా అనుభవం.

స్వాతంత్ర్యోద్యమాన్నీ, ఉక్కు ఉద్యమాన్నీ ఒకే గాటన కట్టవచ్చా అని మీలో ఎవరైనా అడగవచ్చు. కట్టకూడదు. మొదటిది పరాయి ప్రభుత్వాన్ని పొమ్మనడం, రెండవది మన ప్రభుత్వాన్నే ఇవ్వవలసినది ఇమ్మనడం. కాని మనుషులు మాత్రం ఆ రెండింటి మధ్య నడిచి వచ్చారు. తెన్నేటి విశ్వనాథం గారు 1895లో పుట్టినవారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లిన ఆయన, 1966లో విశాఖ ఉక్కు ఉద్యమానికి ముందు నిలిచేనాటికి 71 ఏళ్లవారు. అంటే ఆనాటి ఊరేగింపుల్లో కూడా కెమెరా ఉన్నవాడికి ఒక "వృద్ధ ఆందోళనకారుడు" కనబడే ఉంటాడు. ఆ మరుసటి ఏడాది విశాఖ ఓటర్లు ఆయనను లోక్‌సభకు పంపారు. అంతకు ముందు 1952లో, ఇద్దరిని ఎన్నుకునే స్థానంగా ఉన్న ఇదే విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన ఇద్దరిలో ఒకరు గాం మల్లుదొర, అల్లూరి సీతారామరాజు అనుచరుడు. మన్యంలో పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన మనిషి ముప్పై ఏళ్లకు పార్లమెంటులో కూర్చున్నాడు. ఈ ఊరి చరిత్ర అంతా ఇలా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చిందే.

1966 అక్టోబరులో అమృతరావు గారి నిరాహార దీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, రాష్ట్రమంతా కలిపి 32 మంది మరణించారన్న లెక్క, కర్మాగారం విశాఖలోనేనని 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, ఇవి చాలామందికి తెలిసినవే. మీ పెద్దాయన వయసు డెబ్బై ఎనిమిది అయితే ఆనాటికి పద్దెనిమిదేళ్లవాడు. ఆ రోజు ఎక్కడ ఉన్నారని అడగండి. "మీరు వీరోచితంగా పోరాడారా" అని అడగకండి, "ఆ రోజు ఎక్కడ ఉన్నారు" అని మాత్రమే అడగండి.

ఫొటో విషయంలో తోచిన ఒక్క మాట. 1924 మేలో సీతారామరాజును కాల్చిన తరువాత ఆయన భౌతికకాయానికి ఫొటో తీయించినవారు ఆయనను చంపినవారే, చనిపోయినది ఆయనేనని నిరూపించుకోవడానికి. విల్లమ్ములు పట్టుకుని మన కూడళ్లలో నిలబడిన రూపం తరువాతి శిల్పులు, చిత్రకారులు ఊహించి దిద్దినది. బ్రతికి ఉండగా ఎదురుగా కూర్చోబెట్టి, పేరడిగి, శ్రద్ధగా ఒక ఫొటో తీసినవాడు ఆ మనుషుల్లో చాలామందికి దొరకలేదు. మీకు ఆ అవకాశం ఇంకా ఉంది.

భీమిలి మనవరాలు

మాస్టారు చెప్పినవన్నీ బాగున్నాయి గాని నేను మరో వైపు నుంచి రాస్తున్నాను. మా తాతగారు కొన్నేళ్ల కిందట ఒక ధర్నాలో కూర్చుంటే ఎవరో ఫొటో తీశారు. తాతగారు ఆ రోజు వెళ్లింది తమ వీధిలో మంచినీళ్ల కోసం. నాలుగు నెలల తరువాత అదే ఫొటో ఒక కూడలిలో ఫ్లెక్సీ మీద కనబడింది, తాతగారికి ఏమాత్రం సరిపడని వారి నినాదంతో. పక్కన వివేకానందుడు, భగత్‌సింగ్, మధ్యలో మా తాతగారు. కింద "ఆనాటి త్యాగం, ఈనాటి స్ఫూర్తి" అని ఉంది. తాతగారు ఫ్లెక్సీ కింద నిలబడి చాలాసేపు చూసి, "నేనేం త్యాగం చేశానే? కుళాయి కోసం వెళ్లాను" అన్నారు. ఇంట్లో అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ తరువాత ఏ సభకు పిలిచినా వెళ్లలేదు.

ముసలివాళ్ల ముఖాలంటే ఫొటోలు తీసేవారికి ఎందుకో అంత మక్కువ. ముడతలు కనబడగానే చరిత్ర కనబడినట్టు సంబరపడతారు. మీరు ఆ రోజు శిబిరంలో ఉన్న ముప్పై నలభై మందిలో ఈయననే ఎందుకు తీశారో ఒకసారి ఆలోచించండి. ఆయన ఏమంటున్నారో విని తీశారా, ఖద్దరు చొక్కా చూసి తీశారా? కోపంగా రాశాననుకుంటే మన్నించండి. మీరు తప్పు ఒప్పుకుని అడిగారు కాబట్టే ఇంత రాశాను.

వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ తప్పు శీర్షిక సంగతి కూడా చూడండి. ప్రదర్శనకు ఇంకా నెలలున్నాయి, అది మాత్రం ఈపాటికి ఎంతమంది ఫోన్లలో ఉందో.

కోర్టు వీధి

న్యాయం సంగతి క్లుప్తంగా చెబుతాను. బహిరంగ ప్రదేశంలో జరిగే ఆందోళనను ఫొటో తీయడాన్ని నిషేధించే సాధారణ చట్టమేదీ లేదు. విశాఖలో నౌకాదళ స్థావరాల వంటి రక్షణ ప్రాంతాల సంగతి వేరు, అక్కడ కెమెరా తీయవద్దు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు సాధారణంగా తీసినవారిదే, వారి జీవితకాలమూ, మరణించిన తరువాత 60 సంవత్సరాలూ ఉంటుంది. కాని 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చింది కాబట్టి, తీసిన ఫొటోను దేనికి వాడుతున్నామన్నది తీయడంకంటే పెద్ద ప్రశ్న అయింది. ప్రదర్శనకు, అమ్మకానికి, ప్రకటనకు వేరువేరుగా రాతపూర్వక సమ్మతి తీసుకోండి. తెలుగులో, నాలుగు వాక్యాల్లో, ఆయన చదివి సంతకం పెట్టగలిగేటట్టు ఉండాలి.

రోజూ తీసేవాడు

అందరూ మరీ ఎక్కువ ఆలోచిస్తున్నారని నా అభిప్రాయం. నేను వార్తల కోసం ఫొటోలు తీస్తాను. దీక్షలో కూర్చున్న మనిషి నలుగురూ చూడాలనే కూర్చుంటాడు. పలకను ఎత్తి చూపుతున్నాడంటే కెమెరాలకు చూపుతున్నట్టే. ప్రతి ఫొటోకు ముందు వెళ్లి అనుమతి అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, చొక్కా సర్దుకుంటాడు, నవ్వు ముఖం పెడతాడు. ఇక అది పాస్‌పోర్టు ఫొటో అవుతుంది. నినాదం అందుకున్న క్షణంలో ఆ పలక పైకి లేవడమే అసలు ఫొటో. చీకటిగది గారు చెప్పినట్టు కుర్చీ జరిపించి తీస్తే అది మళ్లీ రాదు. తీయండి, తరువాత పేరు అడగండి. పేరు అడగకపోవడం తప్పు, తీయడం తప్పు కాదు.

చీకటిగది

రోజూ తీసేవాడు గారు చెప్పిన దానిలో సగం నేను ఒప్పుకుంటాను. ఆ క్షణం మళ్లీ రాదు, నిజమే. అందుకే మొదటి ఫొటోను పారేయమని నేను అనలేదు. రంగులు చెడినా అది ఉంచవలసినదే. రెండవసారి వెళ్లి తీసేది దాని పక్కన ఉంటుంది. ఇక నేను మాట్లాడను, గాజువాక కెమెరా గారు వెళ్లి వచ్చి ఏం జరిగిందో చెప్పాలి.

గాజువాక కెమెరా

వెళ్లి వచ్చాను. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఆయనను వెతకడానికి మూడు ఆదివారాలు పట్టింది.

శిబిరంలో ఫొటో చూపిస్తే ఒక కార్మికుడు గుర్తుపట్టి, కూర్మన్నపాలెం దగ్గర ఇల్లు చెప్పాడు. పన్నెండు పద్దెనిమిది అంగుళాల ప్రింటు చుట్టి పట్టుకుని వెళ్లాను. ఆయన తలుపు తీసి, నన్ను చూసి, "పేరడగడానికి వచ్చినావా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. లోపలకు పిలిచి కూర్చోబెట్టి, ముందు నా పేరు, మా నాన్నగారి పేరు, మాది ఏ ఊరో అడిగి తెలుసుకున్న తరువాతే తన పేరు చెప్పారు.

ఆ తప్పు శీర్షిక ఆయనకు అప్పటికే చేరింది. మేనల్లుడు పంపించాడట. "మా నాన్నది నాకు అంటగట్టినావు" అన్నారు, కోపంగా కాదు, తప్పు దిద్దే ఉపాధ్యాయుడిలా. తండ్రిగారు క్విట్ ఇండియాలో ఎనిమిది నెలలు రాజమండ్రి జైలులో ఉన్నారు. మాస్టారు చెప్పినట్టే, విడుదలయింది సంక్రాంతి దాటిన తరువాత అని ఖచ్చితంగా తెలుసు, తండ్రి పుట్టిన సంవత్సరం మాత్రం తెలియదు. ఈయన పుట్టింది 1948లో. 1966లో పి.యు.సి. (డిగ్రీకి ముందు కోర్సు) చదువుతున్నారు. ఆ నవంబరు 1న ఎక్కడ ఉన్నారని అడిగాను. కాసేపు ఆగి చెప్పారు: "ఊరేగింపు తోక దగ్గర ఉన్నాను. ముందు ఏం జరుగుతోందో మాకు తెలియదు. చప్పుళ్లు వినబడ్డాయి, అందరం పరిగెత్తాం. తూటా తగిలినవాళ్లు వేరే, నేను పరిగెత్తినవాణ్ణి. అదే రాయి."

తరువాత ప్లాంటు కోసం భూసేకరణ జరిగినప్పుడు వారి ఊరు కూడా ఖాళీ అయింది. 60కి పైగా ఊళ్లు అలా ఖాళీ అయ్యాయని మాకందరికీ తెలుసు, మా గాజువాకలో ఆర్ కార్డు (నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డు) అనే మాట తెలియని ఇల్లు లేదు. ఆయన ఆ ప్లాంటులోనే కోక్ ఓవెన్లలో (బొగ్గును కోక్‌గా మార్చే విభాగంలో) పనిచేసి పదవీ విరమణ పొందారు. 2021 జనవరిలో వాటాలన్నీ అమ్మాలన్న కేంద్రం నిర్ణయం వచ్చినప్పటి నుంచి శిబిరాలకు వెళుతున్నారు. పలకను ఎందుకు తీసుకువెళతారని అడిగితే, "నాన్న ఉంటే వచ్చేవాడు, అందుకని" అన్నారు.

పలకను వారి వంటగది కిటికీ దగ్గర తీశాను. నల్ల గొడుగు ఆయన భార్యగారు పట్టుకున్నారు. ఇంట్లో గొడుగు విప్పకూడదని మొదట ఒప్పుకోలేదు, తరువాత వాకిట్లోకి ఒక అడుగు వేసి, గుమ్మం అవతల నుంచి పట్టుకున్నారు. పక్క వెలుగులో అక్షరాలు లేచాయి గాని ఒక మూల బాగా అరిగిపోయింది. ప్రతి ఆగస్టు 15కు ముందురోజు ఆవిడ చింతపండు, ఉప్పు వేసి తోముతున్నారట, పెళ్లయి వచ్చిన నాటి నుంచి. తండ్రిగారి పేరులో చివరి రెండు అక్షరాలు ఇప్పుడు ఫొటోలో కష్టం మీద కనబడుతున్నాయి. ఇక తోమవద్దని చెప్పాను. "తోమకపోతే నల్లబడదా?" అన్నారావిడ. నల్లబడనివ్వండి అన్నాను. ఆవిడకు అది నచ్చలేదు.

ప్రదర్శనలో రెండు ఫొటోలూ పక్కపక్కన, రంగుల్లోనే ఉంటాయి. ఎర్ర, నీలం చెంపల ఫొటో ఆయనకు ఎక్కువ నచ్చింది, "ఆ రోజు అలాగే ఉంది" అన్నారు. వాట్సాప్ బృందంలో తప్పు దిద్దుతూ రాశాను. మొదటిది వెళ్లినంత దూరం ఇది వెళ్లలేదు. సమ్మతి పత్రం రెండుసార్లు చదివి, ప్రకటనలకు అన్న చోట గీత కొట్టేసి సంతకం పెట్టారు. భీమిలి మనవరాలు గారి ప్రశ్నకు జవాబు: ఖద్దరు చొక్కా చూసే తీశాను.

శీర్షిక నేను రాసి తీసుకువెళితే ఆయన ఎర్ర పెన్నుతో దిద్దారు. తన పేరుకు ముందు తండ్రి పేరు, తండ్రి పేరు పక్కన తల్లి పేరు పెట్టించారు, ఆ ఎనిమిది నెలలూ వ్యవసాయం చేసింది ఆవిడ కాబట్టి. "సీనియర్ పోరాట యోధుడు" అన్నది కొట్టేసి "1966లో విద్యార్థి, తరువాత కోక్ ఓవెన్ల కార్మికుడు" అని రాశారు. ఊరి పేరు ముందు నేను "పూర్వపు" అని రాశాను, ఇప్పుడు ఆ ఊరు లేదు కదా అని. ఆ మాట మీద పెన్ను ఆగింది. కొట్టేసి, పక్కన ఊరి పేరును మరోసారి, పొల్లులతో సహా తప్పు లేకుండా రాసి ఇచ్చారు.

పెన్ను మూత పెట్టి, ప్రింటు ఇంకొకటి కావాలన్నారు, మేనల్లుడికి.